తప్పినచో నష్టమెవరిది?

కనబడని దానిని కనుగొనవలెనను కోరిక మానవునకు సహజము. ఈ యేడు వాన కురియునో కురియదో, కూతురి పెండ్లి యెన్నడు కుదురునో, దూరదేశమేగిన కుమారుడు క్షేమముగా నున్నాడో లేదో తెలిసికొన గోరని గృహస్థుడు లోకమున లేడు. ఆ కోరిక యుండుటచేతనే మన వీథులలో ఎరుకలసాని చేయిపట్టి ఎరుక చెప్పినది; పంజరములోని చిలుక చీటి తీసినది; నేడు తెల్లవారకముందే టెలివిజనులలో రాశిఫలములు వినబడుచున్నవి. ఈ కోరికను మేము నిందింపము. గ్రహగతులను లెక్కించిన ఖగోళశాస్త్రమును, రోగమూలమును వెదకిన వైద్యశాస్త్రమును ఈ కోరికయొక్క సంతానమే. విచారింపదగినది కోరిక కాదు, దానిని తీర్చుకొనుటకు మనము త్రొక్కు త్రోవ.

ఇప్పుడు మేము విచారింపబూనిన ప్రశ్న చూచుటకు చిన్నదివలె నుండును. దివ్యదృష్టి కలదని చెప్పుకొనువారిని నాయకులనుగా జేసి నాటకములును, చలనచిత్రములును, టెలివిజను ధారావాహికములును వెలువడుచున్నవి. పిన్నపెద్దలందరు నొకచోట గూర్చుండి వానిని చూచుచున్నారు. ఇది నిర్దోషమైన వినోదమేనా? లేక, చూచినవారి మనస్సులో నేదైన నొక యభ్యాసము నాటుకొని, ఆ యభ్యాసము వీథిలోనికి, ఊరిలోనికి, న్యాయస్థానములోనికి నడచివచ్చుచున్నదా?

మొదట ఇట్టి కథ యెట్లు నడచునో చూతము. అమెరికా దేశమున 2005 జనవరిలో ‘మీడియం’ అను ధారావాహిక మారంభమైనది. ఫీనిక్సు నగరమున నుండు అలిసన్ డుబోయిస్ అను నామె మృతులతో సంభాషించు శక్తి తనకు గలదని చెప్పుకొనెను. ఆమె వృత్తాంతమే ఈ కథకు మూలము. నాయిక వేషము ధరించిన ప్యాట్రిషియా ఆర్క్వెట్ అను నటి ఆ యేటనే యెమ్మీ బహుమానము నందెను. ఏడు విభాగములుగా నది 2011 జనవరి వరకు నడచినది. కథ యించుమించుగా ప్రతివారమును నొక్కటే. నాయిక రాత్రి భయంకరమైన కలగని యులికిపడి లేచును. ఇంజనీరైన భర్త యామెను ఊరడించును, ఒక్కొక్కసారి సందేహించును. ఆమె పనిచేయు ప్రభుత్వ న్యాయవాది కార్యాలయమునకు నొక హత్యానేరము విచారణకు వచ్చును. కల యర్థమును ఆమె మొదట పొరపాటుగా గ్రహింపవచ్చును; కల మాత్రము తప్పదు. తుదకు హంతకుడు పట్టుబడును. ప్రతి క్రొత్త విభాగము ఆరంభమగు నాటికి ప్రేక్షకునకు కథ యేమో తెలియదు; కాని కల నిజమగునని మాత్రము నిశ్చయముగా దెలియును. నిజము కానిచో కథయే లేదు.

కల యేల తప్పదు? కలను వ్రాసిన చేయియు, హత్యను వ్రాసిన చేయియు నొక్కటే గనుక. ప్రశ్నపత్రమును, ప్రత్యుత్తరమును నొక్కరే వ్రాసినప్పుడు నూటికి నూరు మార్కులు వచ్చుటలో వింత యేమి? ఇది పసిబాలునకును దెలియు సంగతి. ఐనను నూరు కథలు చూచిన పిమ్మట మనస్సు ఈ సంగతిని మరచి, ‘కల తప్పదు’ అను భావమును మాత్రము నిలుపుకొనును. మా తరగతిలో ఒక పిల్లవాడు, “సార్, అసలు ఏం లేకుంటె గన్ని సినిమాలెందుకు తీస్తరు?” అని యడిగెను. ఆ ప్రశ్నను చూచి నవ్వరాదు. పెక్కుమంది పెద్దల నమ్మకమునకు సైతము అడుగున నున్న తర్కమిదియే. వారు దానిని పైకి చెప్పరు, పిల్లవాడు చెప్పినాడు. పలుమారులు చూపబడినది ఉండియుండవలెనని మనస్సు తనకు తెలియకుండనే తీర్మానించుకొనును.

ఇది పరదేశమువారి వేడుక, మనకేమి యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మన రంగస్థలమునకు ఇట్టి కథ క్రొత్త కాదు. 1885లో కడపసీమయందు పుట్టిన సురభి నాటకసమాజములు పోతులూరి వీరబ్రహ్మముగారి చరిత్రమును ఊరూర నాడినవి. 1984లో నందమూరి తారక రామారావుగారు తామే దర్శకులై, తామే వీరబ్రహ్మేంద్రస్వామి వేషము ధరించి ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ అను చలనచిత్రమును వెలువరించిరి. ఆ చిత్రమునందు స్వామి పలుకు భవిష్యత్తులలో వేషధారులైన నటులు రాజ్యాధికారమునకు వత్తురను నర్థము గలది యొకటి. అప్పటికి రామారావుగారు ముఖ్యమంత్రియై సంవత్సరము పైబడినది. అనగా తెరమీద ఋషి పలుకుచున్న భవిష్యత్తు, బల్లలమీద గూర్చున్నవారికి గడచిన సంగతి! ప్రేక్షకుడు ఆశ్చర్యపడుచున్నానని తలచును. నిజమునకు వాడు పడుచున్నది ఎరిగిన ముఖమును గుర్తుపట్టిన సంతోషము.

జోస్యమునకు గల గొప్ప బలమిదియే: అది సాధారణముగా వెనుకకు చదువబడును. 2020లో మహమ్మారి మన దేశమున వ్యాపించినప్పుడు, ఆ రోగము కాలజ్ఞానమున ముందే చెప్పబడినదని సెల్‌ఫోనులలో వేలకొలది సందేశములు తిరిగినవి. రోగము రాకపూర్వము ఆ పంక్తిని చూపి, ‘ముక్కుకు గుడ్డ కట్టుకొనుడు, ఆసుపత్రులలో మంచములు పెంచుడు’ అని హెచ్చరించినవాడొక్కడును మాకు కనబడలేదు. వచ్చిన పిమ్మట తెలియు భవిష్యత్తునకు చరిత్ర యని పేరు. దానిని చెప్పుటకు దివ్యదృష్టి యక్కరలేదు.

ఇంతకంటె విచారకరమైన సంగతి మరొకటి కలదు. వీరబ్రహ్మముగారి కథలో జోస్యములే కాక బోధయు నున్నది. ముస్లిము కుటుంబమున పుట్టిన సిద్దయ్యను ఆయన ప్రియశిష్యునిగా జేసికొనెను. అంటరానివాడని లోకము దూరముంచిన కక్కయ్యకు జ్ఞానోపదేశము చేసెనని సంప్రదాయము చెప్పుచున్నది. కులమును బట్టి మనుష్యుని హెచ్చుతగ్గులు కొలుచుట అవివేకమని ఆయన బోధ. మూడు శతాబ్దములకు పైగా మన జనము ఏది జ్ఞాపకముంచుకొన్నది? ఫలాని వింత యెప్పుడు జరుగునో లెక్కించుటను జ్ఞాపకముంచుకొన్నది. సిద్దయ్యను ప్రక్కన గూర్చుండబెట్టుకొనుటను మరచినది. కారణము స్పష్టము. జోస్యము మననుండి ఏమియు కోరదు. జరుగునని చెప్పినది దానంతట నదియే జరుగును. బోధ మననుండి కోరును. మనము మారవలెనని యడుగును. ఏమియు నడుగని దానిని నెత్తిన పెట్టుకొని, అడుగు దానిని మూలకు త్రోయుట మన బలహీనత.

ఇక శక్తి యున్నదా లేదా యను ప్రశ్నకు వత్తము. మన పూర్వులు ‘కాకతాళీయము’ అను చక్కని మాటను మనకిచ్చిరి. కాకి వ్రాలెను, తాటిపండు పడెను. కాకి వ్రాలుటచేత పడలేదు. చెప్పిన నూరు మాటలలో నెన్ని నిజమైనవో లెక్కింపక, నిజమైన నాలుగింటినే చెప్పుకొనుటచేత జోస్యునకు ఖ్యాతి కలుగుచున్నది. కావున లెక్కించుటయే మందు. ఖగోళశాస్త్రజ్ఞులైన జయంత నార్లీకరుగారును, వారి సహచరులును పూనా నగరమున నట్టి లెక్క నొకదానిని చేసిరి. దాని ఫలితములు 2009లో ప్రకటింపబడినవి. చదువులో మెరుగైన పిల్లల జాతకములు నూరు, బుద్ధిమాంద్యము గల పిల్లల జాతకములు నూరు సేకరించి, పేర్లు తీసివైచి, ఒక్కొక్క జ్యోతిష్కునకు నలువది చొప్పున నిచ్చి, ఏది యెవరిదో చెప్పుమనిరి. ప్రత్యుత్తరము లిచ్చినవారు ఇరువదియేడుగురు. వారు సరిగా జెప్పినవి సగటున నూటికి నలువదియారు. బొమ్మయా బొరుసా యని కాసును విసరినను నూటికి ఏబది వచ్చును గదా!

టెలివిజను తెరమీదనే జరిగిన పరీక్ష మరొకటి కలదు. 2008 మార్చిలో ఇండియా టీవీ యను ఢిల్లీ వార్తా టెలివిజనులో ఒక తాంత్రికుడు మంత్రశక్తితో మనుష్యుని జంపగలనని ప్రకటించెను. హేతువాదియైన సనల్ ఎడమరుకుగారు ‘నన్నే చంపుము’ అని యెదుట గూర్చుండిరి. గంటలకొలది మంత్రములు చదువబడినవి, నీళ్లు చల్లబడినవి, దేశమంతయు చూచుచుండెను. ఎడమరుకుగారు నవ్వుచు కూర్చుండిరి, తాంత్రికుడు ఓడిపోయెను. ఇది వ్రాసి పెట్టిన నాటకము కాదు గనుక, మంత్రము ఫలింపలేదు. తెరమీద శక్తి గెలుచుటకును ఓడుటకును గల భేదము, వెనుక రచయిత యుండుట, ఉండకపోవుట.

శాస్త్రమును ముందుంచుకొని మాటలాడువారు, “యోగులకు అతీంద్రియజ్ఞానము కలదని మన దర్శనములే చెప్పుచున్నవి గదా!” యందురు. చెప్పుచున్నమాట నిజము, ఐతే అన్ని దర్శనములు చెప్పుటలేదు. నైయాయికులు యోగజప్రత్యక్షము నంగీకరించిరి. వేదప్రామాణ్యమును ప్రాణముగా నెంచిన మీమాంసకులలో అగ్రగణ్యుడగు కుమారిలభట్టు దానిని ఖండించెను. మన సంప్రదాయమున నీ విషయమై యొక్క తీర్పు లేదు, వాదము కలదు. వాదమున్న చోట ఒక పక్షమును మాత్రమే సంప్రదాయమని పేర్కొనుట సంప్రదాయమునకే అన్యాయము. పైగా ఆ నైయాయికులే అనుమానమును రెండుగా విభజించిరి. తనకు నిశ్చయము కలుగుటకు జేసికొనునది స్వార్థానుమానము. ఇతరులను ఒప్పించుటకు జేయునది పరార్థానుమానము. తనకైనచో లోలోపలి యూహ చాలును. ఇతరులకైనచో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను అయిదవయవములను సభలో నిలుపవలెను. ఈ విభాగములో గొప్ప ధర్మసూక్ష్మమున్నదని మా యభిప్రాయము. నీకు కల వచ్చినది. మంచిది, దానిని బట్టి నీవు వెదకుము. కాని నీ కలను బట్టి యింకొకని శిక్షింపరాదు. లోపల తోచినది వెదకుటకు కారణము కావచ్చును; నేరము మోపుటకు కారణము కాజాలదు. మన న్యాయస్థానములును ఇదియే కోరుచున్నవి: సాక్షి తాను కన్నులార చూచినదానిని, చెవులార విన్నదానిని చెప్పవలెను. 1872 నాటి సాక్ష్యచట్టమునకు బదులుగా 2024 జూలై మొదటి తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ నియమమును విడువలేదు.

ఇచట మా ప్రశ్నయొక్క మూలమునకు వచ్చితిమి. ధారావాహికములో నాయిక కలగని యొకని హంతకుడని తలచినచో, గంటలోపల సాక్ష్యము తోడుగా వచ్చును, నిర్దోషి తప్పించుకొనును. మా పల్లెలలో ఈ నాటకమే మరియొక విధముగా నడచుచున్నది. ఒక యింట బిడ్డకు జ్వరము తగ్గదు. గేదె పాలు మానును. పడుచు కోడలు మాటిమాటికి మూర్ఛిల్లును. మంత్రగాని యొద్దకు పోవుదురు. వాడు నిమ్మకాయ కోసియో, అంజనము వేసియో, ‘మీ యింటికి తూర్పున నున్న ముసలిది బాణామతి చేసినది’ అని చెప్పును. అంజనములో కనబడిన దానికి అయిదవయవము లెక్కడివి? రచయిత యిచట లేడు, సాక్ష్యమును తెచ్చి యిచ్చుటకు. చూపబడిన వ్యక్తి తరచుగా ఎవరు? అండలేని వితంతువో, ఒంటరి ముదుసలియో, భూమి తగాదా గల దాయాదియో, నోరులేని పేదవాడో. తెలంగాణములో నిట్టివారిని మంత్రములు పలుకకుండ పండ్లు రాలగొట్టిన సంఘటనలును, చెట్లకు కట్టివైచి కొట్టిన సంఘటనలును, సజీవముగా దహించిన సంఘటనలును పత్రికలకెక్కినవి. జాతీయ నేరగణాంక సంస్థవారి లెక్క ప్రకారము 2021వ సంవత్సరమున దేశమున మంత్రప్రయోగపు నెపముతో జరిగిన హత్యలు 68. లెక్కకు వచ్చిన ప్రాణములివి. వెలివేయబడి, ఊరు విడిచి, నోరు మూసికొని బ్రతుకుచున్నవారు ఈ లెక్కలో లేరు. బీహారు 1999లోను, ఝార్ఖండు 2001లోను, మహారాష్ట్రము 2013లోను, కర్ణాటకము 2017లోను ప్రత్యేక శాసనములు చేసికొనుట ఊరకే జరుగలేదు. మహారాష్ట్ర శాసనమునకై పదునెనిమిదేండ్లు పాటుపడిన నరేంద్ర దాభోల్కరుగారు 2013 ఆగస్టు 20వ తేదీన పూనాలో నడివీథిని కాల్చి చంపబడినారు.

“టెలివిజను కథ చూచినవాడు పోయి ముసలమ్మను జంపునా?” యని మమ్మడుగవచ్చును. చంపడు, మేమట్లనుట లేదు. హత్యకు పేదరికము, వైద్యము దొరకమి, ఆస్తి తగాదాలు, పగలు మున్నగు కారణములు కలవు. కాని చంపువాడు ఒంటరిగా చంపడు. చూచుచు మౌనముగా నుండు ఊరు వానికి తోడు. ‘ఏమో, చెప్పలేము, నిప్పులేనిదే పొగ వచ్చునా’ యని నాలుగు మంచి యిండ్లవారు పెదవి విరిచినపుడు, ఆ ముసలమ్మకు రక్షణ పోవును. ఆ ‘ఏమో’ యను మాటను మనలో పెంచి పోషించుచున్నది యేది? అక్కడనే మాకు వినోదముతో పేచీ.

“దుఃఖితులకు ఓదార్పు గదా” యను మరొక సమాధానము కలదు. ఈ సమాధానమునకు మేము తల వంచి వినుదుము. ఏలయన బిడ్డను పోగొట్టుకొన్న తల్లిముందు తర్కము చెప్పుట క్రూరము. ఐనను అమెరికాలో జరిగిన యొక సత్యకథను వినుడు. 2003లో క్లీవ్‌లాండు నగరమున పదునారేండ్ల బాలిక యొకతె అదృశ్యమయ్యెను. తల్లి వెదకి వెదకి, 2004లో ఒక టెలివిజను ప్రదర్శనమున సిల్వియా బ్రౌన్ అను ప్రసిద్ధ భవిష్యవాదినిని దర్శించెను. నీ బిడ్డ బ్రతికి లేదని బ్రౌన్ లక్షలమంది యెదుట జెప్పెను. తల్లి క్రుంగిపోయి, 2006లో మరణించెను. 2013 మే నెలలో ఆ బిడ్డ తన్ను బంధించిన వాని యింటినుండి సజీవముగా బయటపడెను. ఆ పదేండ్లును ఆమె అదే నగరమున నున్నది! ఓదార్పు పేరిట చెప్పిన మాట, తల్లినుండి తుది యాశను లాగుకొనినది. మాట తప్పినది, నష్టమెవరిది? చెప్పినవారిదా, వినినవారిదా?

ఈ ప్రశ్ననే మేము ప్రతి జోస్యమునకును గీటురాయిగా నుంచవలెనందుము. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనముల మరునాడు రంగమను ఉత్సవము జరుగును. పచ్చికుండపై నిలిచి యొక స్త్రీ భవిష్యవాణి పలుకును. టెలివిజనులు దానిని ప్రత్యక్షముగా చూపుచున్నవి. వర్షములు కురియుననియు, ప్రజలను చల్లగా జూచెదననియు, పూజలలో లోపము రానీయవలదనియు ఆ పలుకుల సారము. దానిని నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు నమ్మరు. కాని అందు నిర్భాగ్యురా లొకతెను వేలెత్తి చూపుట లేదు. తప్పినచో రైతు ఆకసమువంక చూచి నిట్టూర్చును; ప్రాణము పోదు. మంత్రగాని యంజనము తప్పినచో ప్రాణము పోవును. రెంటిని ఒక్క గాటకట్టి దూషించుట వివేకము కాదు. రెంటిని ఒక్క తీరున మన్నించుటయు వివేకము కాదు. మేడారమునకు రెండేండ్ల కొకమారు లక్షలకొలది జనులు పోవుట సమ్మక్క సారలమ్మలు భవిష్యత్తు చెప్పుదురని కాదు. తమ వారికొరకు నిలిచి పోరాడి ప్రాణమిచ్చిరని. భక్తికి జోస్యపు ఊతకర్ర లేకున్నను నడువగల సత్తువ కలదని మా ఓరుగంటి సీమయే సాక్ష్యము చెప్పుచున్నది.

భవిష్యత్తును చూడగోరు మన కోరికకు మరి సరియైన త్రోవ యేది? 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినపుడు పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు, కొన్ని దినముల ముందే హెచ్చరికలు వెలువడి, లక్షలాది జనులు సురక్షిత స్థలములకు చేర్పబడిరి. ఆంధ్రప్రదేశమున మరణములు నూటికి లోపుననే నిలిచినవి. ఉపగ్రహము, రాడారు, గణితము, రాత్రింబవళ్లు మెలకువగా నున్న యుద్యోగులు: మానవుడు సంపాదించుకొన్న దివ్యదృష్టి యిది. వాతావరణశాఖవారి మాటయు నొక్కొక్కసారి తప్పును. కాని వారు తప్పును లెక్కవ్రాసికొని, ఎంత తప్పినదో కొలిచి, మరుసటి యేడు కొంత దిద్దుకొందురు. జోస్యుడు తప్పును లెక్క వ్రాయడు. కావుననే వేయేండ్లనుండి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. తన తప్పును తాను లెక్కించుకొనగల విద్యయే విద్య.

అట్లని ఇట్టి కథలను నిషేధింపవలెనని మేము కోరము. నిషేధము పిల్లలకు క్రొత్త రుచి పుట్టించును. మన భాషలో వెనుకటివారు ఈ విషయమై మంచి త్రోవ చూపియే యున్నారు. వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రమున బంగారము చేసెదనని వచ్చిన బైరాగి, ఉన్న బంగారమును ఊడ్చుకొని పోయినాడు. గురజాడవారి కన్యాశుల్కమున పూజారి గవరయ్యను చూచి మూడు తరములవారు నవ్వినారు. ఆ రచయితలు భూతవైద్యుని కథలనుండి బహిష్కరింపలేదు. దీపము వెలుతురులోనికి దెచ్చి నిలిపినారు. అమెరికాలోనే 2008 నుండి 2015 వరకు నడచిన ‘ది మెంటలిస్ట్’ అను ధారావాహికము నట్టిదే. అందలి నాయకుడు పూర్వము దివ్యదృష్టి యున్నదని నటించి ధనము గడించి, ఆ గర్వమువలననే ఒక హంతకుని పగకు గురియై, భార్యను బిడ్డను పోగొట్టుకొనును. పిమ్మట, ‘అట్టి శక్తి లేదు, ఉన్నది పరిశీలన మాత్రమే’ యని చెప్పుచు తిరుగును. వినోదము తక్కువ కాలేదు, ఏడేండ్లు నడచినది. శక్తి యున్నదని చెప్పినచోనే జనము చూతురను నిర్మాతల మాట నిలువదు.

కాబట్టి గృహస్థులకు మా విన్నపమిది. కథ చూడుడు, ముగిసిన పిమ్మట పిల్లలను మూడు ప్రశ్నలడుగుడు. కలను, దాని ఫలమును వ్రాసినవా రెవరు? నిజమైనవి చెప్పుచున్నారే, కానివి యెన్ని? చెప్పినది తప్పినచో నష్టమెవరిది? మొదటి ప్రశ్న వివేకము నేర్పును. రెండవది లెక్క నేర్పును. మూడవది దయ నేర్పును. మూడింటిలో మూడవదియే ముఖ్యము. మొదటి రెండును చదువుకొన్నవారందరు నేర్వగలరు. ఊరిచివర నొంటరిగా నున్న ముసలమ్మవైపున నిలుచుటకు మాత్రము మూడవది కావలెను. శాస్త్రీయదృష్టిని, మానవతను పెంపొందించుట పౌరుని విధి యని 1976లో మన రాజ్యాంగమున చేర్చినపుడు ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కనే వ్రాసిరి. దయలేని హేతువాదము పరిహాసముగా మారును. హేతువులేని దయ మంత్రగాని యింటికి దారి చూపును.

భారతమున దివ్యదృష్టి సంజయునకు లభించినది. వ్యాసుడు దానిని మొదట ధృతరాష్ట్రునకే ఈయబోగా, బంధువుల చావును చూడజాలనని ఆ రాజు వలదనెను. సంజయుడు సమస్తమును చూచెను, చెప్పెను. ఒక్క ప్రాణమును నిలుపలేకపోయెను. ఉద్యోగపర్వమున విదురుడు రాత్రియంతయు కూర్చుండి రాజునకు నీతి చెప్పినపుడు, ఆయన చేత దివ్యదృష్టి లేదు. ఎదుట నున్న అన్యాయమును చూచి, దాని ఫలమును తర్కించి, మార్గము చెప్పెను. ఆ మాట వినియుండినచో సంజయుని దివ్యదృష్టితో పనియే లేకపోయెడిది. మన యిండ్లకు నేడు కావలసినది దూరమును చూచు కన్ను కాదు. దగ్గరనున్న దానిని చూచు కన్ను, చూచినదానిని చెప్పు నోరు.